నేతింటికి కెమేరా: పోగు కనపడునట్లు వీడియో తీయుట

కొంతకాలముగా మన సంఘ సభ్యులలో పలువురు మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. చీరను వీడియోలో చూపనిదే కొనువారు ముందుకు వచ్చుట లేదు, ఫోనుతో తీసినది సరిగా రావడము లేదు, కెమేరా కొనవలెనా, కొన్నచో ఏది కొనవలెను అని. బెంగుళూరు దుకాణములో అడిగినచో తమ అద్దాల బీరువాలో ఉన్నదే శ్రేష్ఠమందురు. ఇంటి పిల్లలను అడిగినచో పెండ్లిండ్లలో ఫోటోగ్రాఫరు మెడలో వ్రేలాడునదే శ్రేష్ఠమందురు. ఇద్దరును గుంట మగ్గము ముందు కూర్చుండి ఆలోచించినవారు కారు. పెండ్లి తీయు కెమేరాకు ముఖము కనపడిన చాలును. మనకు పోగు కనపడవలెను. ఈ ఒక్క తేడాను మనసులో ఉంచుకొని ఈ పాఠమును చదువవలెనని మనవి. ఇందులో కొన్ని కంపెనీల పేర్లు వచ్చును. అవి ప్రకటనలు కావు, ఉదాహరణలు మాత్రమే.

ఫోటో చాలదా అని కొందరి సందేహము. చాలదనియే మా అభిప్రాయము. నెమలికంఠపు చీరనే తీసికొనుడు. పడుగు నీలము, పేక ఆకుపచ్చ. చేతబట్టి కదిపినప్పుడే దాని వన్నె తిరుగును. ఫోటోలో ఒక మూలనుండి కనపడు ఒక్క వన్నెయే వచ్చును. కొన్నవారు పార్సెలు విప్పి, మేము చూచిన రంగు ఇది కాదని త్రిప్పి పంపుదురు. రానుపోను ఖర్చు నేసినవాని నెత్తిననే పడును. చీరను కదుపుచు తీసిన వీడియోలో రెండు వన్నెలును వచ్చును గనుక తగవు ఉండదు.

రెండవ కారణము ఇంతకంటె పెద్దది. మా అత్తిబెలె నుండి ఆనేకల్ వైపు ఏ వీధి వెంట నడచినను చేతిమగ్గము కంటె మరమగ్గము చప్పుడే ముందు వినపడును. మరమగ్గము నడుపువారును మనవారే. వారితో మాకు వైరము లేదు. కాని మరమగ్గపు బట్టను చేనేత అని చెప్పి అమ్మినప్పుడు, నాలుగు రోజులు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాని కూలి గండిపడును. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము క్రింద 11 రకముల వస్త్రములు, అందులో నిర్ణీత లక్షణములు గల చీరలు, చేతిమగ్గమునకే ప్రత్యేకింపబడి ఉన్నవి. 2006లో హాండ్లూమ్ మార్కు చీటీ వచ్చినది. చట్టమును కావలెను, చీటీయును కావలెను. అయినను హైదరాబాదులోనో అమెరికాలోనో కూర్చుండి చీర ఎన్నుకొను గృహిణి చట్టమును చదువదు. ఆమెకు చేయి కనపడవలెను.

కంటితో చూచుటకు ఎంత బలమున్నదో తెలుగునాట అందరెరిగిన ఉదాహరణ ఒకటి చెప్పెదము. తెలంగాణలో చిటికి చీరలకు పేక పోగును మేకుల చుట్టు వేలమార్లు చేయి త్రిప్పుచు ఆసు పోయవలెను. తల్లి పడు బాధను చూచి చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రమును తయారుచేసిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. 2019లో వారి కథపై ‘మల్లేశం’ అను సినిమా వచ్చినది. చిటికి చీరలు కట్టినవారిలో ఆసు అను మాట విన్నవారు అంతకుముందు ఎందరు? ఆ చేయి అట్లు తిరుగుట తెరపై చూచిన తరువాతనే చీర వెనుక భుజము నొప్పి ఉన్నదని చాలమందికి తెలిసినది.

అద్దములేని కెమేరా అనగా నేమి?

పాత తరహా పెద్ద కెమేరాలలో లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దముండెడిది. కంటికి బొమ్మను చూపునది ఆ అద్దమే. వీడియో తీయవలెనన్నచో అద్దము పైకి లేచి నిలువవలెను. అప్పుడు కన్ను పెట్టి చూచు రంధ్రము చీకటియగును. 2008లో పానసోనిక్ వారు జి1 అను కెమేరాలో ఆ అద్దమును తీసివేసిరి. చిత్రము పడు పలకను సెన్సారు అందురు. దానిపై పడిన బొమ్మయే నేరుగా తెరపై కనపడును. ఆ మొదటి దానిలో వీడియో లేదు. మరు సంవత్సరము జిహెచ్1తో వచ్చినది. పిమ్మట అన్ని కంపెనీలును అదే దారి పట్టినవి. మనకు లాభమేమనగా, తీయకముందే వెలుతురు ఎక్కువయినదా, పోగు స్పష్టముగా ఉన్నదా, రంగు ఎట్లు పడుచున్నదో తెరపై చూచి సరిచేసికొనవచ్చును.

ఫోను పనికిరాదని మేము చెప్పుట లేదు. కొనువారు పిలిచినప్పుడు చీర విప్పి చూపుటకు ఫోనుకు మించినది లేదు. దాని చిక్కు వేరు. ఫోను సెన్సారు చాల చిన్నది. ఆ లోటును పూడ్చుటకు అది తనంతట తానే అంచులను చెక్కును, రంగును దిద్దును, గరకును నున్న చేయును. ముఖమునకు అది అందమే. బట్టకు మాత్రము అబద్ధము. నూలు గరకు పోయి మిల్లు బట్టవలె కనపడును. మనము చేతినేత అని నిరూపింపదలచిన గుర్తునే ఫోను తుడిచివేయును.

పోగుల లెక్క

ఇక అసలు పాఠము. మన చీర పన్నా 48 అంగుళములు, అంగుళమునకు 100 పోగులు అనుకొందము. పడుగులో 4,800 పోగులు. 4కె వీడియోలో అడ్డముగా 3,840, నిలువుగా 2,160 చుక్కలుండును. మొత్తము 83 లక్షలకు కొంచెము తక్కువ. పన్నా అంతయు తెరకు అడ్డముగా పట్టించినచో ఒక పోగునకు ఒక చుక్కయైనను దక్కదు. అప్పుడేమగును? రెండు పన్నెలను ఒకదానిపై ఒకటి పెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి, కొంచెము జరిపి చూడుడు. ఏ పన్నెలోను లేని నీటి అలలవంటి చారలు పుట్టును. కెమేరా లోపలి చుక్కల వరుస ఒక పన్నె, మన బట్ట రెండవ పన్నె. ఈ అలలకు మోయిరే అని పేరు. సెన్సారులో సగము చుక్కలు పచ్చకు, పాతిక ఎరుపుకు, పాతిక నీలమునకు అమర్చి ఉండుటచేత ఆ అలలు ఇంద్రధనుస్సు రంగులు కూడ పూసికొని వచ్చును. చూచువారు బట్టలోనే లోపమున్నదనుకొందురు.

తెరలో ఎంత వెడల్పు బట్టను పట్టించితిమన్నదే దీనికి మూలము. జానెడు, అనగా 9 అంగుళములు పట్టించినచో 900 పోగులు. పోగునకు నాలుగు చుక్కలు వచ్చును. ఇది ఇంకను గండమే. బెత్తెడు, అనగా 3 అంగుళములు పట్టించినచో 300 పోగులు. పోగునకు సుమారు 13 చుక్కలు. ఇప్పుడు పోగు పోగుగానే నిలుచును, పురి కూడ కనపడును. కనుక బట్టను రెండు విధములుగా తీసినచో క్షేమము: బెత్తెడుకు దగ్గరగా పోయి పోగును చూపుట, లేదా బాగుగా దూరముగా ఉండి, మడతలు పడునట్లు చీరను వ్రేలాడదీసి, నేత కనపడక వన్నె మాత్రము కనపడునట్లు చూపుట. నడిమి దూరములో బట్టను బల్లపరుపుగా పరచి తీయుటయే అలలను పిలుచుట. అట్లే తీయక తప్పనిచో కెమేరాను కొంచెము ప్రక్కకు త్రిప్పవలెను, లేదా ఒక అడుగు ముందుకో వెనుకకో జరుగవలెను.

కెమేరా వెనుకనున్న తెర చిన్నది. 83 లక్షల చుక్కలను అందులో ఇరికించునప్పుడు, వీడియోలో లేని అలలు తెరలో కనపడుట కలదు. భయపడక, బొమ్మను పెంచి చూపు మీటను నొక్కి చూచి నిర్ణయింపవలెను.

ఈ లెక్క తెలిసినవారిని మెగాపిక్సెల్ అంకెలు మోసగించలేవు. 24 కంటె 33 గొప్పదని దుకాణదారు చెప్పును. అది ఫోటోకు. 4కె వీడియోలో చివరకు మిగులునవి ఆ 83 లక్షల చుక్కలే.

రంగు విషయము

త్రిప్పి వచ్చు చీరలలో చాల భాగము రంగు తగవులే గనుక ఇక్కడ కొంచెము నిలువక తప్పదు. కెమేరాలో తెలుపును సరిచూచు ఏర్పాటునకు వైట్ బాలెన్సు అని పేరు. దానిని కెమేరా ఇష్టమునకు విడిచినచో, కుంకుమ ఎరుపు చీర తెరనంతయు నింపినప్పుడు, వెలుతురే ఎర్రగా ఉన్నది కాబోలునని కెమేరా భ్రమించి ఎరుపును తగ్గించును. ప్రక్కన పచ్చ చీర పెట్టగానే మరల మారును. కాబట్టి ఆ ఏర్పాటును మనమే స్థిరపరచవలెను. అందుకు బజారులో బూడిదరంగు అట్ట దొరకును. దానిని చీర ఉన్న చోటనే, అదే వెలుతురులో చూపి సరిచేయవలెను. కొందరు చలువచేసిన తెల్లబట్టను చూపుదురు. మన పనివారికి వేరుగా చెప్పనక్కరలేదు, ఆ తెలుపులో నీలిమందు ఉండును. దానిని తెలుపని నమ్మిన కెమేరా తక్కిన రంగులను పసుపువైపు ఈడ్చును.

కిటికీ వెలుతురును, ఇంటి బల్బును కలిపి తీయరాదు. ఒక చెంప నీలము, ఒక చెంప పసుపుగా వచ్చిన చీరను ఏ అట్టయు సరిచేయలేదు.

ఇక బిట్ల సంగతి. 8 బిట్ల వీడియోలో ఒక్కొక్క మూలరంగునకు 256 మెట్లు. 10 బిట్లలో 1,024 మెట్లు. పట్టు మెరుపు మెల్లగా జారి నీడలోనికి పోవు చోట 8 బిట్లయినచో మెట్లమెట్లుగా విరుగుట కనపడును. దీనికి తోడు 4:2:0, 4:2:2 అను అంకెలుండును. మొదటిది రంగును నాలుగు చుక్కలకు ఒకమారు వ్రాయును, రెండవది రెండు చుక్కలకు ఒకమారు. నీలపు పడుగు ప్రక్కన పచ్చ పేకను విడదీసి చూపవలసిన మనకు రెండవది మేలు. చూచువాని ఫోనుకు చేరునప్పటికి ఎట్లును అది 8 బిట్లే అగును గదా అని అడుగవచ్చును. నిజమే. కాని తీసిన తరువాత రంగును కొంచెము దిద్దవలసి వచ్చినచో, 1,024 మెట్ల దానికి తట్టుకొను శక్తి ఉండును. 256 మెట్లది చిరుగును. లాగ్ అను చప్పిడి రంగుల పద్ధతి ఒకటి కలదు. దిద్దుట వచ్చినవారికే అది. 8 బిట్ల కెమేరాలో దాని జోలికి పోవద్దు. సాధారణ పద్ధతిలో ఉంచి, పదును, రంగు గాఢత రెండింటిని ఒకటి రెండు మెట్లు తగ్గించుకొనుట చాలును.

జరీకి ఒక మాట. జరీపై వెలుతురు పడినచో అది తెల్లని మచ్చయై, బంగారమా వెండియా తెలియకపోవును. వెలుతురు మితిమీరిన చోట చారలు చూపు జీబ్రా అను ఏర్పాటును పెట్టుకొని, జరీపై చారలు పోవునంతవరకు వెలుతురు తగ్గింపవలెను. చీర ఒడలు కొంచెము నల్లబడిన పరవాలేదు. నీడను తరువాత లేపవచ్చును. కాలిపోయిన జరీ తిరిగి రాదు.

ఏది కొనవలెను?

సెన్సారులు ముఖ్యముగా మూడు కొలతలవి: 36కు 24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేము, సుమారు 23.5కు 15.6 గల ఎపిఎస్-సి, సుమారు 17కు 13 గల మైక్రో ఫోర్ థర్డ్స్. పెద్దదియే మంచిదని లోకము మాట. పెండ్లి మండపము రాత్రివేళ చీకటిగా ఉండును గనుక వారికి అది నిజమే. మన పని వేరు. బెత్తెడు బట్టను దగ్గరనుండి తీయునప్పుడు సెన్సారు పెద్దదైన కొలది స్పష్టముగా కనపడు లోతు తగ్గును. పన్నె స్పష్టమైనచో నేసిన బట్ట మసకయగును. పైగా లెన్సులు ఖరీదు, బరువు. ఎపిఎస్-సి మనకు సరియైన కొలత అని మా నమ్మకము.

ఈ మధ్య వచ్చినవానిలో సోనీ జడ్‌వి-ఇ10 (2021), నికాన్ జడ్30 (2022), కేనన్ ఆర్50 (2023) చౌక తరగతివి. మూడును 4కె తీయును. సాధారణముగా వ్రాయునది 8 బిట్లే. నికాన్, కేనన్ వానిలో చెవికి పెట్టుకొని వినుటకు రంధ్రము లేదు. ఒక కుటుంబము సొంతముగా కొనదలచినచో, వెలుతురును జాగ్రత్తగా చూచుకొన్నచో, ఇవి చాలును. సోనీ వారి అదే రకములో 2024లో వచ్చిన రెండవదానిలో 10 బిట్లు, 4:2:2 కలవు, బ్యాటరీ పెద్దది. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-ఎస్20 (2023)లో అవియు ఉన్నవి, చేతి వణుకును లోపలనే ఆపు ఏర్పాటును ఉన్నది. సంఘము పేర కొనదలచినచో మేము దీనివైపు మొగ్గుదుము. ఆ వణుకు ఆపుట మనకు ఎక్కడ పనికివచ్చునో ముందు చెప్పెదము. పానసోనిక్ ఎస్5 రెండవ రకము (2023) ఫుల్ ఫ్రేముది. లోపల విసనకర్ర ఉండుటచేత వేడెక్కి ఆగిపోదు, గంటల తరబడి తీయును. వృద్ధులైన పనివారి చేత పని అంతయు మొదటినుండి చివరకు చెప్పించి భద్రపరచదలచిన సంస్థలకు అది తగును. పాత కెమేరాలలో చాలవాటికి 29 నిమిషముల 59 సెకండ్లకు ఆగిపోవు కట్టడి ఉండెను. ఐరోపాలో వీడియో కెమేరాలపై ఉన్న సుంకము తప్పించుకొనుటకు పెట్టినది. పాతది కొనువారు ఈ సంగతి అడిగి కొనవలెను. లెన్సులోనికి టార్చి వేసి బూజు దారములున్నవేమో కూడ చూడవలెను.

డబ్బు నూరు రూపాయలనుకొన్నచో కెమేరాకు 50, లెన్సుకు 25, మిగిలిన 25 మూడుకాళ్ళ స్టాండుకు, దీపమునకు, మైకుకు, కార్డులకు అని మా లెక్క. కెమేరాకే 90 పోసి, పెట్టెతో వచ్చిన లెన్సుతో, ఇటుకలపై నిలబెట్టి తీయువారిని చూచుచున్నాము. అది జరీ అంతయు కొంగుకు పెట్టి అంచును గంజితో నేసినట్లుండును.

లెన్సు వివరములలో ‘గరిష్ఠ పెంపు’ అను అంకె ఉండును. ఎపిఎస్-సి కెమేరాకు అది 0.3 ఉన్నచో బెత్తెడు బట్ట తెరను నింపును. మాక్రో లెన్సులలో ఇది 0.5 గాని, 1 గాని ఉండును. 60 మొదలు 90 మిల్లీమీటర్ల లెన్సు తీసికొనుట మేలు. కారణమేమనగా, పన్నె పలక ముందుకు వచ్చి కొట్టును గదా, పొట్టి లెన్సయినచో పోగు కనపడుటకు అంత దగ్గరకు పోవలెను, పలక లెన్సును తగులును. గాజుకును పన్నెకును తగవు పెట్టరాదు.

మగ్గము దగ్గర

గుంట మగ్గములో పనివాడు నేలమట్టమున కూర్చుండును. నిలుచుండి పైనుండి తీసినచో నడినెత్తి, వంగిన వీపు తప్ప ఏమియు రాదు. కెమేరా రెండు రెండున్నర అడుగుల ఎత్తున, పనివాని కంటికి సరిగా ఉండవలెను. కాళ్ళు బాగుగా పరచుకొను బరువైన స్టాండు తీసికొని, ఒక్కొక్క కాలి క్రింద మడిచిన గోనె వేయవలెను. లేనిచో పలక కొట్టినప్పుడెల్ల బొమ్మ అదురును.

వెలుతురు ప్రక్కనుండి రావలెను. కిటికీ ఒక ప్రక్క ఉన్న మగ్గము అదృష్టము. ఎదుటనుండి పడు వెలుతురులో బట్ట కాగితమువలె చదునుగా కనపడును. ప్రక్కనుండి పడినప్పుడే పేక గట్టు లేచి కనపడును.

దీపముతో తీయవలసి వచ్చినచో ఈ సంగతి మరువరాదు. మన దేశములో కరెంటు సెకండుకు 50 మార్లు ఊగును. అందుచేత ట్యూబులైట్లు, చౌక ఎల్ఇడి దీపములు సెకండుకు 100 మార్లు మినుకుమినుకుమనును. కంటికి తెలియదు, కెమేరాకు తెలియును. బొమ్మపై నల్లని పట్టీలు ప్రాకును. చాల కెమేరాలలో ఎన్‌టిఎస్‌సి, పాల్ అని రెండు పద్ధతులుండును. పాల్ పెట్టి, సెకండుకు 25 బొమ్మలు, షట్టరు 1/50 ఉంచినచో పట్టీలు రావు. 1/100 కూడ క్షేమమే. 1/60 మన దీపములకు పనికిరాదు.

నాడె విసురును మెల్లగా చూపవలెనని అందరికిని ఆశ. సెకండుకు 100 బొమ్మలు తీసి 25గా చూపినచో నాలుగు రెట్లు మెల్లనగును, షట్టరు 1/100. దీనికి వెలుతురు రెట్టింపు కావలెను గనుక పగటివేళనే తీయవలెను. అయితే మెల్లని బొమ్మను పది సెకండ్లకు మించి పెట్టవద్దని మా సలహా. చేతిపని వేగమే దాని గొప్ప. అదియే పనిగా మెల్లగా చూపినచో ఆటవలె కనపడును. మామూలు వేగములో 1/50తో తీసినప్పుడు నాడె ఒక గీతవలె సాగి కనపడును. అది తప్పు కాదు, అట్లే ఉండవలెను.

తానంతట తాను దృష్టి నిలుపు ఏర్పాటు (ఆటోఫోకసు) ముఖములకు బాగుగా పనిచేయును. పడుగు ముందు మాత్రము చేతికి, పోగుకు, పన్నెకు నడుమ ఊగులాడును. దానిని ఆపి, పేక వచ్చి పడుచున్న చోటికి చేతితో దృష్టి నిలిపి వదలవలెను.

తెంపు లేని బొమ్మ

ఇప్పుడు చేతినేతకు రుజువుగా నిలుచు వీడియో గూర్చి. ముక్కలు ముక్కలుగా అతికిన వీడియో ఎంత అందముగా ఉన్నను రుజువు కాదు. చేయి ఒక మగ్గముపై, బట్ట ఇంకొక మగ్గముపై తీసి అతుకవచ్చును గదా. కనుక ప్రతి చీరకు ఒక్క రెండు నిమిషముల బొమ్మ, నడుమ ఎక్కడను తెంపక తీయవలెను. మొదట పనివాని రెండు చేతులు, పన్నె పలక, నేసిన బట్ట కనపడునంత వెడల్పున పెట్టవలెను. బట్ట అంచులో నాలుగు వ్రేళ్ళ మేర వేరు రంగు గుర్తు పోగును పేకతో పాటు వేయించవలెను. పిమ్మట పాతిక ముప్పది పేకలు నేయనిచ్చి, కెమేరాను స్టాండునుండి తీసి, ఆపకుండగనే, చేతబట్టుకొని మెల్లగా దగ్గరకు పోయి, గుర్తు పోగు బెత్తెడు వెడల్పులో కనపడునంతవరకు పోవలెను. వణుకు ఆపు ఏర్పాటు పనికివచ్చునది ఇక్కడనే. దృష్టి నిలుపు పనిని ఈ నడక మేరకు కెమేరాకే అప్పగింపవలెను. దారిలో ఒక క్షణము అలలు వచ్చినచో రానిండు. చీర పూర్తియైన తరువాత ఆ గుర్తు పోగు, హాండ్లూమ్ మార్కు చీటీ ప్రక్కప్రక్కన కనపడునట్లు మరియొక చిన్న బొమ్మ. చీర ఇంటికి వచ్చిన తరువాత కొన్నామె గుర్తు పోగును తన కంటితో చూచుకొనును.

చప్పుడును రుజువే. చేతిమగ్గము చప్పుడులో మనిషి ఊపిరి ఉండును. పోగు తెగినప్పుడు ఆగును, కండె మార్చునప్పుడు ఆగును. ఆ ఆగుటలను కోసివేయవద్దు. కెమేరాలోని మైకు తన మీటల చప్పుడును, ఊరి చప్పుడును కలిపి పట్టును గనుక వేరుగా ఒక చిన్న మైకును మగ్గమునకు రెండు మూడు అడుగుల దూరమున పెట్టవలెను. హోసూరు రోడ్డుకు దగ్గరనున్న ఇండ్లవారు లారీల మోత తగ్గిన వేకువను ఎన్నుకొందురు గాక. కాని వేకువ వెలుతురు చాలదు గనుక చప్పుడు వేకువను, బొమ్మ పగటిపూట అని కొందరు విడివిడిగా తీయుచున్నారు. అమ్మకపు బొమ్మకు అట్లు చేయవచ్చును. రుజువు బొమ్మకు చేయరాదు. అందులో లారీ మోత ఉన్నను ఉండనిండు.

కొత్త డిజైను విషయములో తొందరపడరాదు. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద రిజిస్టరు చేసికొన్నచో 10 ఏండ్లు, పొడిగించినచో ఇంకొక 5 ఏండ్లు హక్కు నిలుచును. అయితే దరఖాస్తుకు ముందే లోకమునకు చూపిన డిజైనునకు ఆ హక్కు రాదు. మన వీడియోను మనమే పదిమందికి పంపి, నెల తరువాత దరఖాస్తు పెట్టిన ప్రయోజనము లేదు. ముందు దరఖాస్తు, తరువాత వీడియో. గీసిన గ్రాఫు కాగితమును, జాకార్డు అట్టల వరుసను తెరలో పూర్తిగా ఎన్నడును చూపవద్దు. బుటా అందమును చూపుడు, బుటా లెక్కను కాదు.

చిత్రము తీయునాడు మగ్గము సగము పూట ఆగును. ఆ కూలి పనివానికి సంఘము లెక్కలోనుండి ఇవ్వవలెను. ఇంటి ఆడవారు కండెలు చుట్టుచుండగా తీయదలచినచో ముందుగా వారిని అడిగి, సమ్మతించినవారినే తీయవలెను. వద్దన్నచో రాట్నమును, చేతిని తీసిన చాలును.

సంరక్షణ

అద్దము లేదు గనుక లెన్సు విప్పగానే సెన్సారు బయటపడును. మగ్గపుటింటిలో నూలు ధూళి ఎగురుచునే ఉండును. లెన్సు మార్చవలసినచో వేరొక గదిలో, కెమేరా నోరు క్రిందికి వంచి మార్చవలెను. గంజి చేతులతో తాకరాదు. వానకాలమున గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చు సిలికా పొట్లములతో ఉంచినచో బూజు పట్టదు.

కార్డుల లెక్క ఇది. సెకండుకు 100 మెగాబిట్ల చొప్పున తీసినచో గంటకు 45 గిగాబైట్లు పట్టును. 64 గిగాబైట్ల కార్డు గంటన్నరకు కొంచెము తక్కువ వచ్చును. 200 మెగాబిట్లయినచో గంటకు 90. కార్డుపై వి30 అని ఉన్నచో అది సెకండుకు 30 మెగాబైట్లు, అనగా 240 మెగాబిట్లు, తప్పక వ్రాయగలదని అర్థము. ఈ రెండింటికిని అది చాలును. పెద్ద కార్డు ఒకటి కొనుటకంటె చిన్నవి రెండు కొనుట మేలు.

పది కుటుంబములు పది కెమేరాలకు వాయిదాలు కట్టుటకంటె సంఘమునకు ఒకటి ఉండుట తెలివి. నూలు ఇచ్చినట్లే దీనిని కూడ పుస్తకములో వ్రాసి ఇవ్వవచ్చును: తీసికొన్న తేదీ, బ్యాటరీలు ఎన్ని, కార్డులు ఎన్ని, తీసిన చీర నంబరు, గుర్తు పోగు రంగు. తిరిగి ఇచ్చునప్పుడు కార్డును ఖాళీ చేయుటకు ముందు రెండు వేరు వేరు డిస్కులలో నకలు చేసి, రెండును తెరచి చూచి, పుస్తకములో సంతకము చేయవలెను.